చిన్న దీవి, ఒకే పిట్ట జాతి: మేత, గూడు రెండూ ఒకే సీజన్‌లో చూడాలంటే పద్ధతి ఏమిటి?

#1 గడ్డిపరక
సుమారు 30 హెక్టార్ల దీవి. ఎక్కువ భాగం పొదలు, మధ్యలో కొద్దిగా ఎత్తైన చెట్లు. పురుగులూ గింజలూ రెండూ తినే పిట్ట, బరువు 15 గ్రాముల లోపు. ఇద్దరు మనుషులు, 5 నెలలు. ఏం తింటుంది, ఎలా తింటుంది, ఎన్ని పిల్లలు గూడు దాటి బయటపడతాయి అన్నవి తేలాలి. అనుమతులు, పిట్టల కాళ్లకు గుర్తు రింగులు వేసే శిక్షణ ఉన్నాయనుకోండి.

ఇప్పటి ప్రణాళిక: పొద్దున దీవంతా తిరుగుతూ కనబడిన ప్రతి పిట్టా ఏం తింటోందో రాసుకోవడం, మధ్యాహ్నం గూళ్లు వెతకడం, దొరికిన ప్రతి గూటినీ రోజూ చూడడం. ఎక్కడ దెబ్బతింటుందో మొహమాటం లేకుండా చెప్పండి.

#2 ఉప్పుగాలి
దెబ్బతినేది మొదటి అడుగులోనే. కనబడిన ప్రతి పిట్టా అన్నారు, ఏ పిట్టో తెలియాలి కదా? గుర్తు లేని పిట్టల మేత మీద 600 వరసలు పోగేసినా అవి 12 పిట్టలవో 80 పిట్టలవో చెప్పలేరు. ముందు రింగులు, మిగతావన్నీ తర్వాత. చిన్న దీవి ఇచ్చే అసలు సౌకర్యం ఇదే: పిట్టలు ఎక్కడికీ పోవు, దాదాపు ప్రతిదాన్నీ విడిగా గుర్తుపట్టొచ్చు. ఫలానా పిట్ట తిన్నదీ, అదే పిట్ట గూట్లో జరిగిందీ ఒకే వరసలోకి వస్తాయి. పెద్ద నేల మీద ఇది చాలా కష్టం.

గలాపగోస్‌లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి మీద జీవశాస్త్రవేత్తలు పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ 1973లో పని మొదలుపెట్టి చేసింది ఇదే. పిట్టలకు రింగులు వేశారు, ముక్కు పొడవూ లోతూ వెడల్పూ కొలిచారు. 1977 కరువులో చిన్న మెత్తని గింజలు అయిపోయి, పల్లేరు జాతికే చెందిన ట్రిబ్యులస్ సిస్టాయిడెస్ లాంటి గట్టి కాయలే మిగిలాయి. అక్కడి గింజలు తినే పిట్టలైన మీడియం గ్రౌండ్ ఫించ్‌లలో లోతైన ముక్కున్నవే ఎక్కువగా బతికాయి, ఆ ముక్కు పిల్లలకూ వచ్చింది. చచ్చిందెవరో బతికిందెవరో ఒక్కొక్కటిగా తెలియకపోతే ఆ మాట చెప్పడానికి వీలుండేది కాదు.

రింగుల సంగతి. కాలికి రెండు చొప్పున నాలుగు: మూడు రంగువి, ఒకటి నంబరున్న లోహపుది. 6 రంగులుంటే 6×6×6 = 216 కలయికలు. లోహపు రింగు చోటు కూడా మారుస్తే దానికి నాలుగు రెట్లు, 864. కానీ ఒకే ఏడాదిలో మార్చకండి. ఈ ఏడాది ఎడమ కాలి కింద, వచ్చే ఏడాది కుడి కాలి కింద అని పెట్టుకుంటే ఆ చోటే పిట్ట ఏ ఏడాదిదో చెబుతుంది. ఎర్రా నారింజా రెండూ కలిపి వాడకండి, ఎండకు వెలిసిపోయాక తేడా తెలియదు. గులాబీ తెల్లబడుతుంది. చదివేటప్పుడు ఎప్పుడూ ఒకే క్రమం: పిట్ట ఎడమ కాలు పైన, కింద, తర్వాత కుడి కాలు పైన, కింద. పిట్ట ఎడమ, చూసేవారి ఎడమ కాదు. తప్పుల్లో సగం ఇక్కడే దొర్లుతాయి.

మిస్ట్ నెట్‌లో (పిట్టలను పట్టే సన్నని దారపు వల) ఈ సైజు పిట్టకు 16 మిల్లీమీటర్ల కన్ను. ప్రతి 15–20 నిమిషాలకు ఒకసారి వల చూడాలి. గాలి లేచినా, ఎండ నేరుగా వల మీద పడినా మూసేయాలి.

#3 రెట్టశాస్త్రి
ఉప్పుగాలి గారి మాటకు కలుపుతున్నాను. "కనబడగానే ఏం తింటోందో రాస్తాను" అంటే కళ్లకు కొట్టొచ్చినట్టుండే మేతలన్నీ పట్టికలోకి ఎక్కువగా ఎక్కుతాయి. ఎగిరి పురుగును పట్టే పిట్ట 40 మీటర్ల నుంచే కనబడుతుంది. ఆకు మాటున నిశ్శబ్దంగా గొంగళిని లాగుతున్నది కనబడదు. దీనికి విరుగుడు సులువు. పిట్ట దొరికాక మొదటి చర్యను వదిలేయండి. గడియారం చూసి 10 సెకన్లు ఆగి, ఆ క్షణంలో ఏం చేస్తోందో రాయండి. తర్వాత ప్రతి 30 సెకన్లకు ఒకటి, మొత్తం 10 నిమిషాలు. పొదలోకి పోయి కనబడని క్షణాలకు "కనబడలేదు" అన్న గడి విడిగా ఉండాలి. దాన్ని ఖాళీగా వదిలినా, "తినలేదు" అని రాసినా లెక్క పాడవుతుంది.

ఒక్కో గీతలో రాయాల్సినవి: రంగుల కలయిక, సమయం, నేల నుంచి ఎత్తు (0.5 మీటరు తేడాతో చాలు), మొక్క పేరు, ఎక్కడ (ఆకు పైన, ఆకు అడుగు, బెరడు, పువ్వు, నేల), ఎలా (ఏరుకోవడం, పొడిచి లాగడం, చీల్చడం, ఎగిరి పట్టడం), దొరికింది ఏమిటి, సైజు. సైజును ముక్కు పొడవుతో పోల్చి రాయండి: ముక్కులో సగం, ముక్కంత, ఒకటిన్నర. మిల్లీమీటర్లలో ఊహిస్తే ఇద్దరు మనుషులు చెరో రకంగా ఊహిస్తారు. గింజ అయితే పట్టుకున్నప్పటి నుంచి మింగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడండి, వదిలేసిన గింజలనూ లెక్కలోకి తీసుకోండి. ఎన్ని తిన్నదన్న దానికంటే ఎన్ని ఒలవలేక పడేసిందన్నదే ముక్కు సామర్థ్యాన్ని బాగా చెబుతుంది.

ఇద్దరూ మొదటి వారం ఒకే పిట్టను ఒకేసారి చూసి, విడివిడిగా రాసి పోల్చుకోవాలి. తేడా వచ్చిన పదాలకు అప్పుడే నిర్వచనం రాసి పెట్టుకోవాలి. సీజన్ మధ్యలో నిర్వచనం మార్చకూడదు.

#4 గడ్డిపరక
దీవి పిట్టలు మనుషులకు అంతగా బెదరవు కదా, 3–4 మీటర్ల దాకా వెళ్లి చూస్తే మింగింది ఏమిటో తెలుస్తుంది. అది తప్పా? ఆకు రంగు పురుగులను ఇంకెలా పోల్చుకోవాలి?

#5 రెట్టశాస్త్రి
బెదరకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. పారిపోకుండానే మేత తగ్గించేయొచ్చు, పిల్లల దగ్గరికి రావడం వాయిదా వేయొచ్చు. 4 మీటర్ల నుంచి 10 నిమిషాలు, 12 మీటర్ల నుంచి 10 నిమిషాలు చూసి నిమిషానికి ఎన్నిసార్లు ముక్కు పెట్టిందో పోల్చండి. 15 పిట్టల మీద తేడా రాకపోతే దగ్గరికి వెళ్లండి.

పోల్చుకోలేని ఎరకు రెట్టే సాక్ష్యం, అందులోని డీఎన్ఏ చదివితే ఏం తిన్నదో తెలుస్తుంది. వలలో పడ్డ పిట్టను కొత్త కాగితపు సంచిలో 10 నిమిషాలు ఉంచితే చాలు. గుడ్డ సంచి వద్దు, నిన్నటి పిట్ట రెట్ట ఇవాళ్టి దాంట్లో కలుస్తుంది. శుభ్రమైన పుల్లతో తీసి 96 శాతం ఇథనాల్‌లో వేయాలి. రెట్ట ఎంతుంటే దానికి కనీసం నాలుగు రెట్లు ద్రవం ఉండాలి, తక్కువైతే లోపల కుళ్లుతుంది. ప్రతి 20 నమూనాలకు ఒక ఖాళీ సీసా: అదే సంచి, అదే పుల్ల, అదే ఇథనాల్, రెట్ట మాత్రం ఉండదు. డీఎన్ఏ చదివాక ఆ ఖాళీ సీసాలో కూడా గొంగళి కనబడిందంటే కలుషితం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ ఫలితాల్ని ఎంత తిన్నదన్నదానికి కొలతగా చదవకండి. "ఉంది, లేదు" దాకే గట్టిగా నమ్మొచ్చు. సాలీడును తిన్న పిట్ట రెట్టలో ఆ సాలీడు తిన్న ఈగ కూడా దొరుకుతుంది. పైగా చిన్న పిట్టల పేగులో మేత గంట అటూఇటూ మాత్రమే ఉంటుంది, కాబట్టి ఒక రెట్ట అంటే ఒక పూట కూడా కాదు. నెలల తరబడి మేత ధోరణి కావాలంటే ఈకలోనో రక్తంలోనో స్థిర ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువులు) చూడాలి. ఈక అది పెరిగిన రోజుల మేతను దాచుకుంటుంది, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కొద్ది రోజులది, మొత్తం రక్తం కొన్ని వారాలది. ఆ దీవి మొక్కలు, పురుగుల ఐసోటోపు విలువలు కూడా తీయకపోతే పిట్ట విలువ ఒక్కటే ఏమీ చెప్పదు. ఒడ్డున సముద్రపు పాచి, ఉప్పు చిమ్మే చోటు పురుగులు లోపలి పురుగులకంటే వేరుగా ఉంటాయి.

#6 గూటికాపు
గూళ్ల గురించి. రోజూ చూడొద్దు. 3 రోజులకు ఒకసారి, గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డప్పుడు మాత్రం రోజు విడిచి రోజు.

వెతకడం కన్నా వెంబడించడం మేలు. పీచు, బూజు, ఈక ముక్కున పట్టుకుపోతున్న పిట్ట వెనక కళ్లు పెట్టండి. పొదగడం మొదలయ్యాక ఆడది మేతకు దిగి వెనక్కి వెళ్లేటప్పుడు చూడండి, చాలా చిన్న పిట్టలకు ఆ విరామం కొద్ది నిమిషాలే. పొదలు కొట్టుకుంటూ వెతికితే గూటి చుట్టూ ఉన్న మాటు పోతుంది, దాన్ని చూసి పిల్లల్ని తినేవి వస్తాయి. గుర్తుకు కట్టే రిబ్బను గూటికి 5 మీటర్ల దూరంలో, దిక్కు రాసి కట్టండి. గూటి దాకా వెళ్లి అదే దారిన తిరిగి రావద్దు. దాటుకుంటూ పోతే వాసన బాట అక్కడితో ఆగదు. రోజూ ఒకటి రెండు ఖాళీ పొదల దగ్గర కూడా ఆగి తొంగిచూసి వెళ్లండి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, వానలో గూటి దగ్గరికి వెళ్లకూడదు.

గుడ్డు కొలతకు వెర్నియర్ కాలిపర్, 0.1 మిల్లీమీటరు వరకు. ఘనపరిమాణం = 0.51 × పొడవు × వెడల్పు × వెడల్పు. 17.2 × 12.8 మి.మీ. గుడ్డు అయితే సుమారు 1.44 ఘన సెంటీమీటర్లు. కాలిపర్ దవడలు గుడ్డును తాకాలి, నొక్కకూడదు.

ఎప్పుడు పెట్టిన గుడ్డో తెలియకపోతే గోరువెచ్చని నీళ్లలో వేసి చూసే పద్ధతుంది. కొత్తది అడుగున అడ్డంగా పడుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ లోపలి గాలి అర పెరిగి వాలుతుంది, నిలబడుతుంది, ఆఖరుకు తేలుతుంది. పెంకు చిట్లడం మొదలైన గుడ్డును మాత్రం నీళ్లలో పెట్టొద్దు.

ఇప్పుడు అసలు తప్పు. "20 గూళ్లు దొరికాయి, 11 గట్టెక్కాయి, కాబట్టి 55 శాతం" అని రాస్తారు. గుడ్లు పెట్టిన రెండో రోజే నాశనమైన గూళ్లు మీకు దొరకనే దొరకవు. అందుకే ఆ 55 ఎప్పుడూ ఎక్కువే. పక్షుల పరిశోధకుడు హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో చెప్పిన లెక్క వాడండి. ఒక ఉదాహరణ: 20 గూళ్లను మీరు గమనించిన రోజులన్నీ కలిపితే 310, పోయినవి 9. రోజుకు పోయే అవకాశం 9/310 = 0.029, నిలిచే అవకాశం 0.971. గుడ్డు నుంచి గూడు విడిచేదాకా 28 రోజులైతే 28 సార్లు 0.971 వేసి వాటన్నిటినీ ఒకదానితో ఒకటి గుణించాలి, వచ్చేది 0.44. అంటే 44 శాతం. రెండు సందర్శనల మధ్య పోయిన గూటికి ఆ విరామంలో సగం రోజులు లెక్కలోకి తీసుకోవాలి. అందుకే విరామాలు చిన్నవిగా, తేదీలు కచ్చితంగా ఉండాలి. పొదిగే దశకూ పిల్లల దశకూ విడివిడిగా లెక్కకట్టండి, రెండింట్లో ప్రమాదం ఒకటి కాదు.

పిల్లలు 13–14 రోజులకు గూడు విడిచే జాతైతే 8వ లేదా 9వ రోజే ఆఖరి తూకం, అప్పుడే రింగులు. ఆ తర్వాత చెయ్యి పెడితే పిల్లలు ముందే దూకేస్తాయి. అది "గూడు గట్టెక్కింది" అని పట్టికలోకి ఎక్కుతుంది, నిజానికి మీరు తోసేసినట్టు. ఆ తర్వాత దూరం నుంచే చూడండి.

#7 తేనెపిట్ట
గూటికాపు గారు, 3 రోజుల విరామం అన్ని దీవులకూ పొసగదు. ఎండ్రకాయలు, తొండజాతి జంతువులు గుడ్లు తినే చోట మనిషి అలికిడితో తల్లి లేచిందంటే నిమిషాల్లో పని అయిపోతుంది. అక్కడ తల్లి తనంతట తాను మేతకు దిగేదాకా ఆగి, అప్పుడు పొడవాటి కర్రకు కట్టిన అద్దంతో చూసి వచ్చేయాలి. విరామం 4 రోజులైనా పర్వాలేదు.

పక్షి కాలనీల్లో ఇది ఇంకా కఠినం. నేల మీద గుడ్లు పెట్టే సూటీ టెర్న్‌లను మధ్యాహ్నం లేపితే గుడ్లు నేరుగా ఎండకు ఉడుకుతాయి. లేచిన పక్షుల సందులో ఫ్రిగేట్ పక్షులు పిల్లల్ని ఎత్తుకుపోతాయి.

#8 గూటికాపు
ఒప్పుకుంటాను. కొన్ని గూళ్లను పదేపదే, కొన్నింటిని ఒక్కసారే చూసి రెంటి నిలకడా పోల్చడం మంచిది. మన రాకపోకల ఖర్చు ఎంతో అప్పుడే తెలుస్తుంది.

#9 ఎర్రకాలు
గూటికి కెమెరా పెడితే వెళ్లాల్సిన పనే ఉండదు కదా? పైగా ఏ ఎర తెచ్చిందో కూడా కనబడుతుంది.

#10 ఉప్పుగాలి
పెట్టొచ్చు, కొన్ని తెలిసి పెట్టాలి. కదలికకు మేల్కొనే కెమెరాలు వేడి తేడాను బట్టి పనిచేస్తాయి. వేడి దీవిలో 12 గ్రాముల పిట్టకూ వెనక ఉన్న ఆకుకూ వేడిలో పెద్ద తేడా ఉండదు, చాలా రాకలు నమోదు కావు. దానికి బదులు వేకువన 2 గంటలు, సాయంత్రం 2 గంటలు ఆగకుండా వీడియో తీయడం మేలు. గుడ్లు పెడుతున్న రోజుల్లో కెమెరా పెట్టకూడదు, గూడు వదిలేసే ప్రమాదం అప్పుడే ఎక్కువ. పిల్లలు పుట్టిన 3వ రోజు తర్వాత, ముందు అదే సైజు డమ్మీ పెట్టె ఒకటి రెండు రోజులు ఉంచి, ఆ తర్వాత అసలుది. తల్లి 30 నిమిషాల్లో తిరిగి రాకపోతే తీసేయాలి.

ఉప్పు గాలికి కనెక్షన్లు పచ్చబడతాయి. రబ్బరు అంచులకు సిలికోన్ గ్రీజు, లోపల సిలికా జెల్ పొట్లం, వారానికోసారి మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవడం. చీమలు లెన్స్ పక్క సందుల్లో కాపురం పెడతాయి, స్టాండు కాళ్లకు గ్రీజు పట్టించండి. కెమెరా గడియారం, చేతి గడియారం రోజూ సరిచూసుకోవాలి. రెండు నిమిషాల తేడా ఉన్నా ఏ రంగు రింగుల పిట్ట ఎప్పుడొచ్చిందో కలపలేరు.

ఒక్క మాట. గంటకు ఎన్నిసార్లు వచ్చిందన్నది మేత పరిమాణం కాదు. ఒక గొంగళి అయిదు దోమలకు సమానం కావచ్చు. రాకల సంఖ్యతో పాటు ఎర సైజు కూడా కావాలి. ఎర పొడవు నుంచి ఎండు బరువు కట్టడానికి అదే దీవిలో పట్టి ఎండబెట్టి తూచిన పురుగుల నుంచి సూత్రం తీయండి.

#11 ఎర్రకాలు
పిల్లల మెడకు మెత్తని దారం కట్టి ఎరను బయటకు తీసే పద్ధతి సులువు కదా, అదీ చూడొచ్చేమో?

#12 రెట్టశాస్త్రి
వద్దు. బిగిస్తే ఊపిరి ఆడదు, వదులైతే చిన్న ఎరలన్నీ మింగేస్తుంది, మీకు పెద్దవే దొరికి ఫలితం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక పూట మేత ఎలాగూ పోతుంది. ఎదురుగా వీడియో, రెట్ట రెండూ ఉండగా దీని అవసరం లేదు. జాతి సంఖ్య తక్కువున్న దీవిలో అసలే వద్దు.

#13 తేనెపిట్ట
అందరూ పిట్టల్నే కొలుస్తున్నారు, దీవిలో మేత ఎంతుందో ఎవరూ కొలవడం లేదు. అది లేకపోతే "ఇది ఏరుకుని తింటోంది" అన్న మాటకు అర్థం లేదు, దొరికిందే తింటోందేమో.

సెషెల్స్‌లోని కజిన్ దీవి మీద సెషెల్స్ వార్బ్లర్ పని దీనికి మంచి నమూనా. ఆ పిట్ట ఎక్కువగా ఆకుల అడుగు నుంచి పురుగులు ఏరుతుంది. అందుకని నెలనెలా ఒక్కో చెట్టు జాతికి ఇన్ని ఆకులని తిప్పి పురుగులు లెక్కపెట్టి, ఆ జాతి ఆకుల పరుపు, ఇలాకా (ఒక జత తనదిగా కాపాడుకునే చోటు) విస్తీర్ణంతో కలిపి ఒక్కో జత ఇలాకా ఎంత మేలైనదో అంకెగా తీశారు. ఆ అంకె చేతిలో ఉండబట్టే పరిశోధకుడు యాన్ కోమ్‌డ్యూర్ 1990లలో వింతను చూపగలిగారు: మేత తక్కువున్న ఇలాకాల్లో ఎక్కువగా మగపిల్లలు, మేత బాగున్న చోట ఎక్కువగా ఆడపిల్లలు. ఆ జాతిలో ఆడపిల్లలే ఎక్కువగా అమ్మానాన్నల దగ్గర ఆగి తర్వాతి పిల్లలకు మేత పెడతాయి, మేత చాలని చోట వాళ్లు భారమే. పిల్లలు ఆడో మగో చూపుతో తెలియదు, రక్తంలోని డీఎన్ఏతోనే తేలింది.

మీ పనికి: 15 రోజులకోసారి, ముఖ్యమైన 5 మొక్కలు, ఒక్కోదానికి 50 ఆకులు, పొద్దున 8 లోపు. గింజలకు 0.5 మీ. × 0.5 మీ. చట్రం నేల మీద వేసి, పై 1 సెంటీమీటరు మట్టి జల్లెడ పట్టడం. చట్రాలు ఇలాకా ఒక్కింటికి 10, చోట్లు ముందే లాటరీ వేసి పెట్టుకోండి. కంటికి బాగున్న చోట వేయడం అందరికీ ఉన్న జబ్బు.

రక్తం గురించి: మొత్తం పిట్ట బరువులో 1 శాతం దాటకూడదు. 15 గ్రాములకు అది 150 మైక్రోలీటర్లు, మీకు 20–30 చాలు. తండ్రి ఎవరన్నది గూటి దగ్గర మేత పెట్టేవాడిని చూసి రాయకండి. అదే వార్బ్లర్‌లో పిల్లల్లో సుమారు 40 శాతం జత బయటి మగవాటివని డీఎన్ఏ చెప్పింది.

#14 గడ్డిపరక
మేత వల్లే పిల్లలు ఎక్కువ దక్కుతున్నాయని రుజువు చేయడానికి సగం ఇలాకాల్లో అదనపు మేత తొట్టెలు పెడితే?

#15 గూటికాపు
ఒక సీజన్, ఇద్దరు మనుషులు ఉన్నప్పుడు వద్దు. తొట్టె దగ్గరికి పక్క ఇలాకాల పిట్టలూ వస్తాయి, కొట్లాటలు పెరుగుతాయి, రోగాలు అంటుకుంటాయి, ఎలుకలుంటే వాటికి పండగ.

అదనపు మేత ఊహించని చోట తేలుతుంది. న్యూజిలాండ్‌లోని ఎగరలేని చిలుకలైన కాకాపోలకు పిల్లలు పెరగాలని మేత పెడితే బాగా బలిసిన ఆడవి మగపిల్లల్నే ఎక్కువగా కన్నాయి. తర్వాత తూకం చూసి, మేత పెట్టే తీరు మార్చాకే సరిపడింది. న్యూజిలాండ్‌కే చెందిన చాథమ్ దీవుల చిన్న పిట్ట బ్లాక్ రాబిన్‌ది ఇంకో పాఠం. 1980లో 5 పిట్టలే మిగిలితే కాపాడడం కోసం గూటి అంచున పెట్టిన గుడ్లను లోపలికి నెట్టారు. అంచున పెట్టే అలవాటు పిల్లలకు దిగి పెరిగిపోయింది, నెట్టడం ఆపాక మళ్లీ తగ్గింది. కాపాడాల్సిన పరిస్థితిలో చేసినవి అవి, తప్పుపట్టను. మీది గమనించే పని, దాన్ని అలాగే ఉండనివ్వండి.

#16 ఎర్రకాలు
కలుగుల్లో పిల్లల్ని పెంచే షియర్‌వాటర్‌లు కూడా అదే దీవిలో ఉంటే ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుంది?

#17 ఉప్పుగాలి
కొద్దిగానే. రాత్రి వస్తాయి, మేత సముద్రంలో, చూపుతో పని లేదు. కలుగులో ఉందో లేదో కేకల రికార్డింగు వినిపించి చూస్తారు, కానీ ఉన్నవన్నీ బదులివ్వవు. 40 కలుగుల్లో గొట్టం కెమెరాతో నిజం చూసి, వాటిలో ఎన్ని బదులిచ్చాయో ఆ నిష్పత్తితో మిగతావి సరిచేయాలి. ఎన్ని మేతలు అందాయో పిల్ల బరువుతో తెలుస్తుంది: సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి. రాత్రంతా ఊపిరికీ రెట్టకూ తగ్గే బరువును మేత అందని పిల్లల నుంచి కట్టి కలపాలి. కలుగుల మీద నడిస్తే పైకప్పు కూలుతుంది, పలకలు పరచుకుని నడవాలి. దాన్ని వేరే పనిగా పెట్టుకోండి.

#18 తేనెపిట్ట
దీవిలోకి అడుగు పెట్టే ముందు ఒకటి. బూట్ల అడుగు, సాక్సులు, వెల్క్రో పట్టీలు, గుడారం మడతలు దువ్వి గింజలు తీసేయండి. సామానంతా మూత బిగిసే డబ్బాల్లో, మూసిన గదిలో సర్దండి, బయట రాత్రంతా ఉంచకండి. ఒక్క కడుపుతో ఉన్న ఎలుక చాలు, మీరు రాస్తున్న గూళ్ల పట్టిక మొత్తం దానిదే అవుతుంది. అలాగే గూట్లో పురుగుల్ని కూడా చూడండి. గలాపగోస్‌లో ఫిలోర్నిస్ డౌన్సీ ఈగ పిల్లపురుగులు గూట్లో దాగి రాత్రి పిల్లల రక్తం తాగుతాయి. 1997లో ఫించ్ గూళ్లలో బయటపడేదాకా చాలా చావులు ఆకలి ఖాతాలోకే పోయి ఉంటాయి. పిల్లలు ఎగిరిపోయాక గూటిని జిప్ సంచిలో వేసి, విప్పి, లోపల ఉన్న పిల్లపురుగులు, ప్యూపాలు లెక్కపెట్టండి. పాలిపోయిన నోరు, ముక్కురంధ్రాల్లో పుళ్లు ఉంటే ఫొటో తీసిపెట్టండి.

#19 గడ్డిపరక
సవరించిన ప్రణాళిక. మొదటి 4 వారాలు వలలు, రింగులు, ఇద్దరి రాతలూ పోల్చుకోవడం. ఆ తర్వాత దీవంతా కాదు, 25 ఇలాకాలే. ఒక్కో ఇలాకాలో పదిరోజులకోసారి రెండు పిట్టలకూ 10 నిమిషాల చొప్పున మేత. గూళ్లు 3–4 రోజులకు, తల్లి దిగాకే. పిల్లల 3వ రోజు తర్వాత 10 గూళ్లకే వీడియో. పక్షానికోసారి ఆకులు, చట్రాలు. తొట్టెలు లేవు, మెడ దారాలు లేవు. రెట్ట నమూనాలు 80, ఖాళీ సీసాలు 4.

#20 రెట్టశాస్త్రి
ఖాళీ సీసాలు 4 సరిపోతాయి, కానీ నాలుగూ ఒకే రోజు తీయకండి, సీజన్ పొడవునా చల్లండి. 25 ఇలాకాలు, రెండేసి పిట్టలు, పదేసి నిమిషాలంటే ఒక విడత 500 నిమిషాలు, వెతకడానికి దానికి మూడు రెట్లు పడుతుంది. గూళ్లు ముమ్మరమైన నెలలో మేత విడతను 15 రోజులకు మార్చుకోండి, మధ్యలో ఆపేయడం కంటే అది నయం. రాత పెన్సిల్‌తో, తడికి చెడని కాగితం మీద. సాయంత్రం అదే రోజు ఫొటో తీసి రెండో చోట దాచండి.